అయిదో వాక్యం

రంగూన్‌లో మా పజుండౌంగ్ గుడిలో ఆదివారం తెలుగు చెప్పే అమ్మాయికి ఈ మధ్య కొత్త ఉద్యోగం దొరికింది. జపాన్‌లో కూర్చున్న వాళ్లకు ఇక్కడి నుంచి ఫోనులో బర్మీస్ నేర్పాలట. మొదటి రోజు పరిచయాలకు సరదా ఆటలేమైనా ఉంటే రాసిమ్మని నన్నడిగింది. కరెంటు ఉన్న గంటలోనే క్లాసు ముగించాలి కాబట్టి ఆటలు పొట్టిగా ఉండాలని కూడా చెప్పింది.

రాసిస్తాను. నా ఉద్యోగమంతా ఆ పనే కదా. ఇంట్లో తెలుగు, వీధిలో బర్మీస్, బడిలో ఇంగ్లీషుతో పెరిగి, చివరికి జపాన్ వాళ్లకు బర్మీస్ చెప్పి రిటైరైన మనిషిని. ఓడరేవు పనికి శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన మా తాతకు ఈ సంగతి చెబితే నమ్మేవాడు కాదు. ఆటలు నాకు బోలెడు తెలుసు. కాకపోతే ఒక ఆట మాత్రం నేర్పను. దాని కథ చెబుతాను. ఆటల కోసం వచ్చినవాళ్లు కథ కూడా చదవాల్సిందే, నాకు చాదస్తం ఎక్కువని మీకు తెలుసు.

ముందు ఆటలు.

జపాన్ విద్యార్థులను "ముందు ఎవరు చెబుతారు?" అని అడగకండి. సాయంత్రం దాకా ఎవరూ చెయ్యి ఎత్తరు. రాక కాదు. నలుగురి కంటే ముందుకు తోసుకెళ్లడం వాళ్లలో మర్యాద కాదు. నేను మొదటి ఏడాదంతా వాళ్లను మొద్దులనుకున్నాను, అది నా మొద్దుతనం. అందుకని మొదటి రోజు మాటల్లేని ఆట పెట్టండి. పుట్టిన నెల ప్రకారం వరసలో నిలబడాలి, నోరు విప్పకూడదు, చేతులతోనే చెప్పుకోవాలి. పెద్ద పెద్ద ఇంజనీర్లు వేళ్లు చూపించుకుంటూ అటూ ఇటూ పరిగెడతారు. ఆ తర్వాత ఏ వారం పుట్టారో అడగండి. మన రంగూన్‌లో కూరలమ్ముకునే ఆవిడ కూడా తాను మంగళవారం పుట్టానని తడుముకోకుండా చెబుతుంది, వాళ్లకు మాత్రం తెలియదు. ఫోనులో వెతుక్కుని తమ వారం కనిపెట్టినప్పుడు వాళ్ల మొహాలు చూడాలి. బుధవారం పుట్టినవాళ్లందరూ ఒక మూలకి చేరి, ఎందుకో తెలియకుండానే చుట్టాలైపోతారు.

రెండోది వెదురు బంతి ఆట. చిన్‌లోన్ బంతి ఒకటి కొనుక్కోండి. ఎవరికి విసురుతున్నారో వాళ్ల పేరు గట్టిగా పలికి విసరాలి. మూడోది బొమ్మల ఆట. తన గురించి మూడు బొమ్మలు గీసి పక్కవాడికిస్తే, ఆ పక్కవాడు చూసి చెప్పాలి. ఇందులో కిటుకు ఏమిటంటే, తన గురించి తాను చెప్పుకోమంటే బిగుసుకుపోయే మనిషి, పక్కవాడి గురించి చెప్పమంటే హాయిగా చెబుతాడు. ఈ కిటుకు నేనే కనిపెట్టానని చాలా గర్వపడ్డాను. నా కొంప ముంచింది కూడా ఇదే. నా కొంప అనడం కూడా తప్పే, మునిగింది వేరే వాళ్ల కొంప.

అప్పటికి మా బడి తామ్వేలో ఒక మేడ రెండో అంతస్తులో ఉండేది. నాలుగు గదులు, ఒక జనరేటరు, అయిదుగురు టీచర్లం. ఒకప్పుడు గదులు చాలక మెట్ల మీద కూడా పాఠం చెప్పాం. తర్వాత దేశంలో రోజులు బాగాలేక విదేశీయులు ఒక్కొక్కరే ఊరు విడిచి వెళ్లిపోయారు. మిగిలింది ఒకే ఒక్క పెద్ద ఒప్పందం, నది వంతెన దాటాక వచ్చే తన్లిన్ ఊరి అవతల కార్ల వైర్లు తయారు చేసే జపాన్ ఫ్యాక్టరీది. శనివారం పొద్దున్నే ఆ ఫ్యాక్టరీ పెద్ద, అతని కింద పనిచేసే అయిదుగురు కుర్ర ఇంజనీర్లు బర్మీస్ నేర్చుకోడానికి వచ్చేవాళ్లు. వాళ్లతో పాటు వాళ్ల దుబాసీ పిల్ల వచ్చేది.

ఆ పిల్ల మన పిల్లే. తన్లిన్‌లో ఉండేది. వాళ్ల అమ్మ నాకు గుడి పరిచయం, గంజాం వైపు వాళ్లు. పిల్ల టౌనులో జపాన్ భాష నేర్చుకున్న కొత్తలో ఆ తల్లి ప్రసాదం దొన్నె చేతిలో పట్టుకుని నా వెనకే మెట్లు దిగింది.

"సయామా, మా పిల్లకి జపాను బాస వచ్చీసింది. పరీచ్చలు కూడా పాసైపోనాది. మీ కాడికి జపానోలు వత్తారు గదా, ఓ ముక్క సెప్పండి."

సయామా అంటే ఇక్కడ టీచరమ్మ. ఆ పిలుపుకి నేను ఎప్పుడూ కరిగిపోతాను. ఓ ముక్క చెప్పాను. పిల్లకి ఉద్యోగం దొరికింది. ఆ తర్వాత మూడేళ్లు ఆ తల్లి గుడిలో నన్ను చూస్తే చాలు, కూర్చోడానికి చోటు చేసేది. నేను కూడా మొహమాటం లేకుండా కూర్చునేదాన్ని.

పిల్ల పని చూస్తే నాకు ముచ్చటేసేది. ఆ ఫ్యాక్టరీ పెద్ద ఒక మాట అనగానే, అతని గొంతు ఎంత మెల్లగా ఉందో అంత మెల్లగా బర్మీస్‌లోకి మార్చేది. తన మాట ఒక్కటి కలిపేది కాదు. ఒకసారి టీ తాగుతూ ఫ్యాక్టరీలో ఏటి సంగతులని అడిగాను. నవ్వేసింది. "నా సెవుల పడ్డవి నావి కావు సయామా" అంది. ఇరవై నాలుగేళ్ల పిల్ల. ఆ మాట నాకు గుర్తుండాల్సింది.

ఆమెకు ఒకటే కోరిక ఉండేది. ఆ కంపెనీలో పర్మనెంటు అయినవాళ్లకే పేరు కార్డు అచ్చు వేస్తారు. కార్డు ఉన్నవాళ్లను ఆరు నెలలు జపాన్ పంపి పని నేర్పిస్తారు. వచ్చే ఏప్రిల్లో చూద్దామని పెద్ద అన్నాడట. ఆ "చూద్దాం"ని పట్టుకుని పిల్ల రెండు ఏప్రిళ్లు గడిపింది. ఈసారి ఖాయమని తల్లి ఊరంతా చెప్పుకుంది కూడా.

ఇక నా ఆట. జపాన్ వాళ్లు ఒకరినొకరు పరిచయం చేసుకునేటప్పుడు రెండు చేతులా కార్డు అందిస్తారు, రెండు చేతులా అందుకుంటారు, కుర్చీల వరసలో బల్ల మీద పేర్చుకుంటారు. ఆ కార్డులన్నీ పోగుచేసి కలిపేసి తలొకటి తియ్యమంటే? ఎవరి కార్డు వస్తే వాళ్లయిపోయి, "నేను ఫలానా" అని అయిదు వాక్యాలు చెప్పాలి. పేరు, ఊరు, పని, ఇష్టం, ముందు ముందు ఏం చెయ్యబోతున్నారు. కార్డు అసలు మనిషి వింటూ ఉంటాడు. అబద్ధం చెబితే ఆ వాక్యం మళ్లీ చెప్పాలి. రాత్రికి రాత్రి ఇలాంటి ఆట తట్టినందుకు నన్ను నేనే మెచ్చుకున్నాను.

మా స్టాఫు గదిలో వ్యాకరణం చెప్పే ముసలి సయా, అంటే మేష్టారు, ఒకాయన ఉండేవాడు. కిళ్లీ నములుతూ అంతా విన్నాడు. కిటికీలోంచి ఉమ్మి వచ్చి, "సయామా, వాళ్ల కార్డులు పేకముక్కలు కావు" అన్నాడు.

"సయా, మీ పాఠానికి నిద్రపోతారు, నా పాఠానికి నవ్వుతారు" అన్నాను.

"నిద్రపోయిన వాడికి ఉద్యోగం పోదు" అన్నాడాయన. ఆయనకు అలా వెటకారంగా మాట్లాడటం అలవాటని నేను పట్టించుకోలేదు.

ఆ శనివారం పిల్ల అందరికంటే ముందు వచ్చింది. ఆట సంగతి చెప్పాను. మొహం చిన్నబుచ్చుకుని, "నాకు కార్డు నేదు కదా సయామా, నాను సూత్తాన్లే" అంది. నాకు ప్రాణం ఉసూరుమంది. కొత్త లుంగీ బట్టలో పెట్టే అట్ట ఒకటి బీరువాలో ఉంటే, కార్డంత కత్తిరించి, ఒక పక్క బర్మీస్‌లో, ఇంగ్లీషులో ఆమె పేరు, కింద దుబాసీ అని రాశాను. రెండో పక్క తెలుగులో పేరు రాశాను. ఆ పిల్లకు తెలుగు అర్థమవుతుంది, కొంచెం మాట్లాడుతుంది, చదవడం రాదు. ఆ అక్షరాల మీద వేలు పెట్టి అటూ ఇటూ నడిపింది.

"ఇది నా పేరేనేటి?"

"నీదే."

"బాగుంది సయామా. గుండ్రంగుంది" అని నవ్వింది. రెండు చేతులా పట్టుకుని నాకు వంగి దండం పెట్టింది, జపాన్ వాళ్లలాగా.

ఏడు కార్డులూ కలిపాను. అవును, పేకముక్కల్లాగే కలిపాను. కుర్రాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు, నేను చూడనట్టు నటించాను. మొదటి ఇద్దరూ బాగా చేశారు. ఒకడు తన స్నేహితుడి కార్డు పట్టుకుని "నాకు మొహింగా ఇష్టం, రోజుకి మూడు గిన్నెలు తింటాను" అంటే గది గొల్లుమంది. మొహింగా అంటే మనం పొద్దున్నే తినే చేపల పులుసు సేమియా. ఇంతకంటే మంచి పాఠం ఉంటుందా అనుకున్నాను.

మూడోవాడు ఫ్యాక్టరీ పెద్ద. అతనికి పిల్ల కార్డు వచ్చింది.

లుంగీ అట్ట ముక్కని అతను రెండు చేతులతో పట్టుకున్నాడు, పాపం ఆ మర్యాద తప్పలేదు. ఇంగ్లీషు చూసి పేరు చదివాడు. "నేను దుబాసీని" అన్నాడు. తర్వాత ఆగిపోయాడు. ఊరు? తెలియదు. ఏమిటి ఇష్టం? తెలియదు. మూడేళ్లు రోజూ ఎనిమిది గంటలు తన పక్కన కూర్చున్న పిల్ల గురించి అతనికి రెండు వాక్యాలకు మించి లేవు. అలవాటు చొప్పున, ఏ మాట తట్టకపోయినా చేసే పనే చేశాడు. తల తిప్పి పిల్ల వైపు చూశాడు, అందించమన్నట్టు.

"అలా కుదరదు, మీరే చెప్పాలి" అన్నాను నేను నవ్వుతూ. కుర్రాళ్లు కూడా నవ్వారు. అతని చెవులు ఎర్రబడ్డాయి. అక్కడితో ఆపాల్సింది. బుద్ధి ఉన్నవాళ్లు ఎవరైనా ఆపేవారు. నేను "ఎక్కడుంటారు? నాన్నగారు ఏం చేస్తారు?" అని ఇంకో రెండు ప్రశ్నలు వేశాను. అతను "క్షమించాలి" అని కూర్చున్నాడు. కూర్చుని అట్టముక్కను తన ముందు బల్ల మీద తిన్నగా సర్దుకున్నాడు.

పిల్లకు మిగిలింది ఆ పెద్దాయన కార్డు. అతని పరువు నిలబెడదామనే లేచిందని ఇప్పటికీ నా నమ్మకం. అతని పేరు చెప్పింది, సముద్రం పక్కన ఊరని చెప్పింది. పని చెప్పింది. ఇష్టాల దగ్గరకు వచ్చి, "నాకు పంచదార లేని టీ ఇష్టం. ఆదివారం పొద్దున్న మా అమ్మాయికి ఫోను చేస్తాను, ఆమె పియానో వాయిస్తే వింటాను" అంది. బర్మీస్‌లో, నిదానంగా, అందరికీ అర్థమయ్యేటట్టు. పెద్ద తలొంచుకున్నాడు. నాకు కళ్లు చెమర్చాయి. కుర్రాళ్లు చప్పట్లు కొట్టారు.

"అయిదోది" అన్నాను.

"పండక్కి సెలవుల్లో పెగూ గుడి చూడబోతాను" అంది.

"అబద్ధం! ఆయన పెగూ రెండుసార్లు చూసేశారు, కిందటి వారం క్లాసులో చెప్పారు. అసలుది చెప్పాలి!" అని బల్ల మీద చేత్తో చరిచాను. కుర్రాళ్లు కూడా బల్ల చరుస్తూ బర్మీస్‌లో "అయిదు! అయిదు!" అని అందుకున్నారు. ఇంత హుషారుగా వాళ్లను ఎప్పుడూ చూడలేదు.

పిల్ల నా వైపు తిరిగింది. గొంతు తగ్గించి తెలుగులో అంది.

"అయిదోది ఒద్దండి సయామా. అది నాను సెప్పకూడదు."

ఆ గదిలో తెలుగు తెలిసింది మా ఇద్దరికే. ఆ పిల్ల నాతో తెలుగులో మాట్లాడటమే తక్కువ, ఏదో ముద్దుకి ఒకటీ రెండూ తప్ప. ఎవరికీ తెలియకుండా నన్ను బతిమాలుకోడానికి తన దగ్గరున్న ఒకే ఒక్క దారి వాడుకుంది. నేనేం చేశాను? నాకు బల్ల చప్పుడు తలకెక్కింది.

"ఏటి ఒద్దు? ఆటే కదేటి. సెప్పీ!" అన్నాను.

టీచరు మాట కాదనడం ఈ దేశంలో ఎవరికీ చేతకాదు. అందులో ఓ ముక్క చెప్పి ఉద్యోగం ఇప్పించిన టీచరు మాట. పిల్ల కార్డు వైపు చూస్తూ చెప్పింది.

"ఏప్రిల్లో జపాన్ వెళ్లిపోతాను. మళ్లీ రాను."

ఆ రోజు నా విద్యార్థులందరికీ బర్మీస్ పూర్తిగా అర్థమైంది. ఏళ్ల తరబడి నేను చెప్పిన భవిష్యత్ కాలం అంత బాగా ఎక్కిందని నాకు అంతకు ముందు తెలియదు. బల్ల చప్పుడు ఆగిపోయింది. కుర్రాళ్లలో చిన్నవాడు ఒక్క తప్పు లేకుండా బర్మీస్‌లో అడిగాడు, "మీ చోట్లోకి ఎవరు వస్తారు?" అని. పిల్ల చేతిలో కార్డును బల్ల మీద బోర్లించింది. పెద్ద కార్డులన్నీ తన దగ్గరకు లాక్కున్నాడు. ఎవరూ రారని అందరికీ తెలిసింది. అతను లేచి, బల్ల మీద కార్డులు ఒక్కొక్కటీ ఎవరివి వాళ్లకు రెండు చేతులా ఇచ్చి, నాకు వంగి నమస్కారం చేసి, చాలా సరదా పాఠమన్నాడు.

ఫ్యాక్టరీ మూసేస్తున్నారన్న మాట సోమవారానికల్లా వంతెన దాటి తన్లిన్ చేరింది. మంగళవారం పనివాళ్లు గేటు దగ్గర నిలబడి, మా సంగతేమిటని అడిగారు. ఫోనులో ఇక్కడి ప్రభుత్వ ఆఫీసుకూ పెద్దకూ మధ్య నడిచిన ఆ మాటను బర్మీస్‌లోకి మార్చింది పిల్లే. మూడు నెలలు ఇంట్లో కూడా అనలేదు. ఆమెను పనిలోకి రావద్దన్నారు.

బుధవారం ఫ్యాక్టరీ పెద్ద మా బడికి వచ్చాడు, ఆఫీసు మనిషిని ఒకణ్ణి వెంటపెట్టుకుని. వాళ్లు రాకముందే మా బడి యజమానురాలు నన్ను పక్కకు పిలిచింది. చెడ్డది కాదావిడ. జనరేటరు డీజిలు కోసం తన గాజులమ్మిన మనిషి. చేతులు రెండూ పట్టుకుని, "సయామా, వీళ్లు కూడా పోతే ఈ మేడకు తాళమే. అయిదు కుటుంబాలు. మీరు ఏం చెబుతారో ఆలోచించి చెప్పండి" అంది. బోర్డు మీద నేను రాసిన అయిదు ప్రశ్నలు అప్పటికే ఆవిడ తుడిపించేసింది.

ఆఫీసు మనిషి ఇంగ్లీషులో అడిగాడు. ఆ సంగతి చెప్పమని మీరు అడిగారా? సెలవుల్లో ఏం చేస్తారని అడిగానన్నాను. అది పూర్తిగా అబద్ధం కాదు. అలాంటి మాటలు ఎలా పేర్చాలో భాష చెప్పేవాళ్లకు బాగా తెలుసు. అతను రాసుకున్నాడు.

పెద్ద ఆ కాగితం పక్కకు జరిపి నన్ను సూటిగా అడిగాడు.

"చివరి వాక్యానికి ముందు ఆమె మీతో మీ భాషలో ఏదో అంది. మీరు కూడా ఏదో అన్నారు. ఏమన్నారు?"

అతను విన్నాడు. మూడేళ్లలో ఆ పిల్ల ఊరు పేరు తెలుసుకోని మనిషి, ఆ ఒక్క గుసగుసను విన్నాడు. ఇప్పుడాలోచిస్తే నాకొకటి తోస్తుంది. అతను తప్పు వెతకడానికి రాలేదు. ఆమెను ఉంచుకోడానికి ఒక కారణం వెతుక్కుంటూ వచ్చాడు. ఆ కారణం నా నోట్లో ఉంది. "ఒద్దంది, నేనే బలవంతపెట్టాను" అంటే చాలు. చిన్న వాక్యం. మొదటి నెల విద్యార్థి కూడా చెప్పగలడు.

నేను యజమానురాలి మొహం చూశాను. నా వయసు గుర్తొచ్చింది. ఇంకెక్కడ ఉద్యోగమిస్తారని గుర్తొచ్చింది. అది కూడా పైపైనేలెండి. అసలు సంగతి, "నా ఆట వల్లే" అని నలుగురిలో ఒప్పుకోడానికి నాకు నోరు రాలేదు.

"ఇంకా ఎన్ని వాక్యాలు ఉన్నాయని అడిగింది. ఒకటే ఉందన్నాను" అన్నాను.

అతను తలూపాడు. లేచేముందు చొక్కా జేబులోంచి లుంగీ అట్టముక్క తీసి, రెండు చేతులా నాకిచ్చాడు. అన్నీ తిరిగి ఇచ్చిన రోజు అదొక్కటే అతని దగ్గర ఉండిపోయిందట. ఆమెకు ఇవ్వమన్నాడు. ఇవ్వలేదు. ఇప్పటికీ నా దగ్గరే ఉంది, ఎక్కడుందో కూడా చెప్పగలను.

ఆ మధ్యాహ్నం స్టాఫు గదిలో వ్యాకరణం సయా నాకు టీ పోసిచ్చాడు. పక్కనే కిళ్లీ కట్టుకుంటూ కూర్చున్నాడు. జీవితంలో మొదటిసారి ఆయన వెటకారం చేస్తే బాగుండుననిపించింది.

తర్వాతి ఆదివారం గుడికి వెళ్లకూడదనుకుని కూడా వెళ్లాను. పిల్ల తల్లి నన్ను చూసి లేచి, ఎప్పటిలాగే చోటు చేసింది. నాకు అక్కడే భూమిలోకి పోవాలనిపించింది.

"మా పిల్లదే తప్పు సయామా. నోరు జారీసింది. ఎంత అడిగినా ఏటీ సెప్పట్నేదు. మీకు మాటొచ్చిందేమోనని బయపడతన్నాను. మీ పేరు సెడగొట్టింది కదా?"

పిల్ల తన తల్లికి కూడా చెప్పలేదు. తాను ఒద్దందని గానీ, నేను చెప్పమన్నానని గానీ. తన చెవిన పడ్డ నా మాటను కూడా, తనది కాదని దాచేసింది. నేను ఆవిడ పక్కన కూర్చుని, "పరవాలేదమ్మా, నాకేటీ కాలేదు" అన్నాను. అంతకంటే నిజమైన మాట ఆ నెలంతా నేను అనలేదు.

ఏప్రిల్లో ఫ్యాక్టరీ వెళ్లిపోయింది. ఒప్పందం కూడా దాంతోనే పోయింది. వానలు పడేనాటికి బడికి తాళం పడింది. ఒక పిల్ల బతుకు పెట్టి నేను నిలబెట్టుకున్నది అయిదు నెలల పాఠాలు. దానికి రిటైర్మెంటని పేరు పెట్టుకున్నాను. మొన్న గుడిలో కుర్ర టీచర్లు నాకు శాలువా కప్పి, నా ఓర్పు గురించి మాట్లాడారు. కప్పించుకున్నాను.

ఇక మీకు చెప్పాల్సింది. ఆటలు ఆడించండి, నవ్వించండి, నవ్వకపోతే భాష రాదు. కానీ ఎవరైనా గొంతు తగ్గించి ఒద్దంటే, బల్ల చరవడం ఆపండి. ఈ ఊళ్లో, ఈ రోజుల్లో, మనుషులు తమ గురించి చెప్పకుండా ఉంచుకున్నది ఊరికే ఉంచుకోరు. ఈ నీతి చెప్పే అర్హత నాకు లేదు. అయినా మీరు ఆటలు అడిగారు కాబట్టి, ఇది కూడా ఆటలో భాగమే అనుకోండి.

పోయిన శీతాకాలం ఆ పిల్ల కనిపించింది. పజుండౌంగ్‌లో బస్సు ఆగేచోట, వెంట ఇద్దరు ఆడపిల్లలు, చేతుల్లో జపాన్ భాష పుస్తకాలు. దేశం విడిచిపోవాలనుకునే పిల్లలంతా ఇప్పుడా భాష నేర్చుకుంటున్నారు, వాళ్లకు పాఠం చెబుతోందట. ఆ సంగతి తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం కాళ్లు వాటంతటవే ఆమె దగ్గరకు వెళ్లాయి.

"బాగున్నావేటమ్మా?" అన్నాను.

ఆమె చేతులు కట్టుకుని తల వంచింది. కోపం లేదు, చిరునవ్వు కూడా ఉంది.

"నేకౌన్‌బాదే, సయామా" అంది.

బాగున్నానండి, అని. బర్మీస్‌లో. నా మొదటి పాఠంలో మొదటి జవాబు అది, కొత్తగా దిగిన విదేశీయుల చేత నెల రోజులు వల్లె వేయించేదాన్ని. ఒక్కో ముక్కా విడదీసి, నెమ్మదిగా, వాళ్లతో నేను ఎలా పలికేదాన్నో అలాగే నాతో పలికింది. అమ్మ ఎలా ఉందని మళ్లీ తెలుగులోనే అడిగాను. బర్మీస్‌లోనే బాగుందంది.

బస్సు వస్తోంది. ఆడపిల్లల్లో ఒకతె నన్ను చూసి, ఎవరు సయామా ఈవిడ, అని ఆమెనడిగింది. ఆమె నా వైపు తిరిగి, అరచెయ్యి చాపి, పద్ధతిగా పరిచయం చేసింది.

"ఈవిడ విదేశీయులకు భాష చెప్పే సయామా."

ఒక వాక్యం. రెండోది వస్తుందేమోనని నిలబడ్డాను. ఊరు, ఇష్టం, ఏదో ఒకటి. నా గురించి అయిదూ ఆమెకు తెలుసు, నేను దాచుకున్న అయిదోది ఆమె ఒక్కదానికే తెలుసు. పిల్లలిద్దరినీ ముందు ఎక్కించి తానూ ఎక్కింది. చెప్పలేదు.